లక్ష్మణమ్మ ఇల్లు

శ్రీకాకుళం,
అమ్మాయిల హాస్టలు,
నవంబరు

లక్ష్మి గారికి నమస్కారాలు.

నా పేరు ఉష. ఇక్కడ బి.ఏ. ఆనర్స్ నాలుగో ఏడు, రాజనీతి శాస్త్రం. మీ గరివిడి నుంచి వచ్చే శైలజ మేడమే నా థీసిస్‌కు గైడు. చీపురుపల్లి సంతలో మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఆవిడ ఎండుచేపలు కొనరట. మీకు ఫోనులో మాట్లాడడం గిట్టదనీ, గొంతు రికార్డు చేస్తామంటే అసలు ఒప్పుకోరనీ, అడగవలసింది కాగితం మీద అడగమన్నారనీ చెప్పారు. ఉత్తరం రాయడం నాకిదే మొదలు. "గారికి" దగ్గరే పావుగంట ఆగిపోయాను.

నా థీసిస్ పంచాయితీల్లో ఏకగ్రీవాల గురించి. మాది నౌపడ దగ్గర మొగిలివానిపేట, చేపల ఊరు. మా ఊళ్ళో సర్పంచి పదవికి ఇంతవరకూ ఒక్క ఓటు పడలేదు. పెద్దలు ఒక పేరు అనుకుంటారు, ఊరంతా ఇసుకలో నిలబడి సమ్మతమే అంటుంది, అయిపోతుంది. దీన్ని గొప్ప ఐకమత్యమని మూడు అధ్యాయాలు రాసి పట్టుకెళ్తే మేడమ్ చదివి, "కాదన్నవాళ్ళు ఒక్కరైనా లేకుండా అవునన్నవాళ్ళని ఎలా కొలుస్తావమ్మా?" అన్నారు. ఆ తర్వాత మీ సంగతి చెప్పారు. ఒకప్పుడు మీరు మీ ఊరి మాట కాదని నామినేషన్ వేశారట కదా. అది ఏ ఊరు? ఎందుకు వేశారు? తర్వాత ఏమైంది? ఈ మూడూ చెబితే నా నాలుగో అధ్యాయం గట్టెక్కుతుంది. అది గట్టెక్కకపోతే డిగ్రీ చేతికి రాదు.

థీసిస్‌లో అసలు పేర్లు రాయము. మీకు ఏ పేరు పెట్టమంటారో కూడా చెప్పండి.

ఇట్లు,
ఉష


గరివిడి,
నవంబరు

ఉష గారికి,

ఉత్తరం అందింది. మా వీధికి పోస్టతను వచ్చి నా పేరు అడిగితే, ఏ కేసులో ఇరుక్కున్నానోనని ఇరుగుపొరుగు అంతా గుమ్మాల్లోకి వచ్చేశారు.

ఊరి పేరు చెప్పను. చేపల ఊరే. ఎందుకు వేశానంటే, ఆ ఏడు సర్పంచి పదవి ఆడవాళ్ళకి వచ్చింది. పెద్దలు కలిసి ఒక పెద్దాయన భార్య పేరు పెట్టారు. ఆమె జగ్గమ్మ, మంచిదే, కానీ మొగుడి ముందు మంచినీళ్ళు కావాలని కూడా అడగలేని మనిషి. నేను పదో తరగతి చదివాను. అప్లికేషన్లు నేనే రాసేదాన్ని, ఆఫీసులకి నేనే తిరిగేదాన్ని. నాకేం తక్కువ అనిపించింది. వేశాను. తర్వాత తీసేసుకున్నాను. అంతే.

మీకు పనికొచ్చేది ఇందులో ఏమీ లేదు. పేరు మీ ఇష్టం, ఏదైనా పెట్టుకోండి. ఇప్పుడున్నది కూడా నేను పెట్టుకున్నదే.

మొగిలివానిపేటలో మీది ఎవరిల్లు?

లక్ష్మి


మొగిలివానిపేట,
డిసెంబరు

లక్ష్మి గారికి,

సెలవులకి ఇంటికొచ్చాను. ఇంటికని అనడమే గానీ ఐదో తరగతి నుంచీ హాస్టళ్ళలోనే పెరిగాను. ఊళ్ళో నన్ను చూసి ఇప్పటికీ ఎవరమ్మాయివి అని అడుగుతారు. మీరూ అదే అడిగారు. దాలయ్య మనవరాలిని. నాగబాబు మా నాన్న, గుజరాత్ బోట్ల మీద ఉంటాడు. అమ్మ రేఖ ఇక్కడే.

మీ ఉత్తరం పొడి ఇసుకలా ఉందండి, పట్టుకుందామంటే జారిపోతోంది. "తర్వాత తీసేసుకున్నాను" అనే మాటకి ముందు ఎంతో ఉండాలి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను, అలాగైనా మీకు మాట వస్తుందేమో.

మొన్న అమ్మవారి సంబరం ఎప్పుడు చేయాలని ఊళ్ళో పిలుపు జరిగింది. మా దగ్గర ఏ మాట ముడిపడాలన్నా ఇదే పద్ధతి. పొద్దు వాలే వేళకి అందరూ ఒడ్డున చేరతారు. పిలిచే హక్కు మా తాతది. ఒక్కో ఇంటినీ ఇంటి పెద్ద పేరుతో పిలుస్తాడు, ఆ ఇంటివాళ్ళు సమ్మతమే అంటారు, తాత "సరే" అని తర్వాతి ఇంటికి వెళ్తాడు. కాగితం ఉండదు, అన్నీ నోటికే వచ్చు.

"నాగబాబు ఇల్లు" అన్నాడు. అమ్మ సమ్మతమే అంది. ఆ తర్వాత "లక్ష్మణమ్మ ఇల్లు" అన్నాడు. అలాంటి ఇల్లు మా ఊళ్ళో లేదు. మా ఇంటి పక్కన ఖాళీ జాగా ఒకటుంది, అంతే. అక్కడ వల ఆరెయ్యరు, పడవ ఆనించరు. పెళ్ళి కావలసిన పిల్లలు గాజులు తెచ్చి పెట్టి వెళ్తారు. లక్ష్మణమ్మ మా నాన్నకి అక్క, నేను పుట్టకముందే సముద్రంలో పోయిందట. తాత ఆ పేరు పిలిచి ఆగుతాడు. ఊరంతా తలలు వంచుకుంటుంది. అలల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. చిన్నప్పుడు ఆ కాసేపూ భయంతో అమ్మ కొంగు పట్టుకునేదాన్ని. ఈసారి కూడా పట్టుకున్నాను, పరిశోధకురాలిని అయ్యుండి. తర్వాత తాత "సరే" అని ముందుకెళ్ళాడు.

జవాబు రాదని తెలిసీ ఎందుకు ఆగుతావని అడిగాను. "పిలిసినోడు జవాబు ఇని గదా ముందుకెల్లాల" అన్నాడు. మిగతా ఇళ్ళ సంగతి చెబుతున్నాడనుకుని ఊరుకున్నాను.

దీన్ని మూడో అధ్యాయంలో ఇలా రాశాను: "ఈ విరామం, మరణించిన సభ్యురాలి పట్ల సమాజం చూపే గౌరవం. ఆ ఇంటి నుంచి జవాబు రాదు. ఆ మౌనాన్ని కూడా సమ్మతిగానే లెక్కిస్తారు." ఎలా ఉంది?

ఉష


గరివిడి,
జనవరి

అమ్మా ఉషా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. సంత పనిలో పడి రాయలేదని రాద్దామనుకున్నాను. కానీ నిజం అది కాదు. రాయడం, చించడం, ఇదే పనైంది.

నువ్వు రాసింది ఎలా ఉందని అడిగావు. బాగుంది. చచ్చినవాళ్ళ గురించి అంత బాగా రాయడం మీ చదువుకున్నవాళ్ళకే వస్తుంది.

ఆ ఖాళీ జాగాలో గాజులు పెడతారా? ఎవరు మొదలుపెట్టారు అది? పచ్చగాజులేనా? నువ్వు వద్దని చెప్పు. ఆ పిల్లలకి గాజులు ఊరికే వస్తున్నాయా?

మీ తాత ఎలా ఉన్నాడు? అంతసేపు ఇసుకలో నిలబడగలుగుతున్నాడా? ఎడమచేయి చలికాలంలో లాగుతుంది, ఆవనూనె వేడిచేసి రాయమని మీ అమ్మకి చెప్పు. చల్లారనివ్వకూడదు. నూనె పెడితే విసుక్కుంటాడు, పట్టించుకోవద్దు.

మీ నాన్న ఉత్తరాలు రాస్తాడా, ఫోనేనా? నువ్వు ఎవరి పోలిక? ఫోటో ఉంటే పంపు, లేకపోయినా పర్వాలేదు.

థీసిస్ ఎప్పటికి ఇవ్వాలి?

లక్ష్మి


శ్రీకాకుళం,
జనవరి

లక్ష్మి గారికి,

మీ ఉత్తరం మెస్సులో చదివాను. అన్నం వదిలేసి గదికొచ్చి మళ్ళీ చదివాను.

మా తాతకి ఎడమచేయి లాగుతుందని నేను మీకు రాయలేదు.

గాజులు ఏ రంగో కూడా రాయలేదు. అవి పచ్చవే.

అమ్మకి ఫోను చేసి ఆవనూనె సంగతి చెప్పాను. అమ్మ వెంటనే అడిగింది, "ఎవలు సెప్పినారే నీకు?" అని. ఆ గొంతు విని నాకు భయమేసింది. ఎండుచేపలమ్మే ఒకావిడ అన్నాను. అమ్మ ఏడ్చేసి ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఆ రాత్రి నుంచి ఒకటే అనిపిస్తోంది. మీకు రాస్తున్న ఈ ఉత్తరాలు ఎక్కడికి వెళ్తున్నాయి? నేను ఎవరితో మాట్లాడుతున్నాను? నవ్వుకోకండి. మేడమ్‌ని మీరు ఎలా ఉంటారని అడిగాను. ఎడమ కనుబొమ మీద మచ్చ ఉంటుందన్నారు. మా నాన్నకి చిన్నప్పుడు తెడ్డు విసిరి అక్కకి కనుబొమ చిట్లగొట్టిన కథ ఒకటుంది, తాగినప్పుడు చెప్పుకుని ఏడుస్తాడు.

నాకు థీసిస్ అక్కర్లేదు, మార్కులు అక్కర్లేదు. మీరు ఎవరో చెప్పండి.

ఉష


గరివిడి,
జనవరి

ఒసే ఉషా,

ఏడవకు. మీ అమ్మని కూడా ఏడవద్దని చెప్పు. నేను దెయ్యాన్ని కాను, మోకాళ్ళ నొప్పులున్నాయి. దెయ్యాలకి ఉండవనుకుంటాను.

నేను మీ అత్తని. లక్ష్మణమ్మని.

నా మొగుడు వేటకి వెళ్ళి రాలేదు. అప్పుడు మా అయ్య, అంటే మీ తాత, తన ఇంటి పక్కనే నాకు గుడిసె వేసి, అదీ ఒక ఇల్లేనని ఊరికి చెప్పి పిలుపులో కలిపాడు. ఆడదాని పేరుతో ఇల్లు పిలవడం మన ఊళ్ళో అదే మొదలు. ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ తర్వాత జగ్గమ్మ పేరుకి పిలుపు జరిగింది. నా ఇల్లు పిలిచాడు. "కాదు" అన్నాను. ఒడ్డున ఉన్నవాళ్ళకే కాదు, పడవల్లో ఉన్నవాళ్ళకి కూడా వినపడింది. నా గొంతు అలాంటిది మరి. పొద్దున్నే మండలాఫీసుకి వెళ్ళి నామినేషన్ వేశాను.

ఊరు మమ్మల్ని వెలివేసింది. నాతో పాటు మా అయ్యనీ, మీ నాన్ననీ. నిప్పు ఇవ్వలేదు, మాట కలపలేదు. మీ నాన్నని పడవ ఎక్కనివ్వలేదు. మీ అమ్మకి నెలలు నిండుతున్నాయి, నువ్వు కడుపులో ఉన్నావు. ఇంట్లో గంజి కూడా కరువైంది. పెద్దలు కబురు పెట్టారు: నేను పోయినట్టు కుండ పగలగొడితే మిగిలినవాళ్ళని కలుపుకుంటామని. మన దగ్గర సముద్రంలో పోయినవాళ్ళకి శవం దొరకదు కదా, అలల్లో కుండ పగలగొట్టి వెనక్కి చూడకుండా వచ్చేస్తారు.

నేనే ఒప్పుకున్నాను. నామినేషన్ తీసేశాను. ఈ ఊళ్ళో మళ్ళీ నా గొంతు వినపడదని మీ నాన్న తలమీద చేయి పెట్టి మాటిచ్చాను. వెళ్ళిపోవాల్సింది, కాళ్ళు రాలేదు. సరుగుడు తోటలో నిలబడి చూశాను. మా అయ్య కుండ ఎత్తి పగలగొట్టాడు. నడిచి వస్తూ వెనక్కి తిరిగి చూశాడు. చూడకూడదు. అయినా చూశాడు. నా చావు నేను చూసినదాన్ని, నాకింక దేనికీ భయం లేదు. కానీ ఆ చూపు మాత్రం రోజూ కనపడుతుంది. సంతలో బేరం ఆడుతుంటే కనపడుతుంది.

ఇదంతా నీ కోసం రాశాను. నీ థీసిస్ కోసం కాదు. అందులో నా పేరు వద్దు, మారుపేరు కూడా వద్దు. చచ్చినవాళ్ళని చచ్చినట్టే ఉంచు.

నా పేరు ఇంకా పిలుస్తున్నాడని నాకు తెలియదు. నువ్వు రాసేదాకా తెలియదు.

అత్త


మొగిలివానిపేట,
ఫిబ్రవరి

అత్తా,

ఇలా రాసి చాలాసేపు చూసుకున్నాను. నాకు అత్త ఉంది.

నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను. బతికున్న మనిషికి కుండ పగలగొట్టిన ఊరిని నేను మూడు అధ్యాయాలు పొగిడాను. ఐకమత్యం, సమ్మతి, సామరస్యం. ఆ కాగితాలు చించేద్దామంటే మేడమ్ ఆపారు. "చింపితే ఊరు గెలుస్తుంది, దిద్దు" అన్నారు. దిద్దుతున్నాను. నీ పేరు రాయలేదు. "ఒక ఇల్లు" అని మాత్రమే రాశాను. "ఆ ఇంటి నుంచి జవాబు రాలేదు. రాకుండా చేశారు." ప్రస్తుతానికి నా థీసిస్ ఆఖరి వాక్యం అది.

ఇప్పుడు అసలు సంగతి. పంచాయితీ ఎన్నికలు వస్తున్నాయి. ఈసారీ పదవి ఆడవాళ్ళకే. పెద్దలు మళ్ళీ ఒక కోడలి పేరు అనుకున్నారు. నాయకత్వం ఉమాశంకర్‌ది, మీ జగ్గమ్మ కొడుకే. వచ్చే శుక్రవారం పిలుపు. తాతకి ఇదే ఆఖరుదని ఊరంతా అనుకుంటోంది. సంక్రాంతి తర్వాత మంచం పట్టాడు. ఇప్పుడిప్పుడే లేచి కూర్చుంటున్నాడు. ఆయన తర్వాత ఎవరూ నోటితో పిలవరట. ఫోన్లో గ్రూపు పెట్టి బొటనవేలు గుర్తు నొక్కమంటారట. ఉమాశంకర్ నాతో అన్నాడు, "ఆ సచ్చిపోయినోల పేరు ఇంక ఎందుకమ్మా, పిల్లలు జడుసుకుంతన్నారు" అని. అంటే ఆ గ్రూపులో నీ ఇల్లు ఉండదు.

ఇన్నేళ్ళూ తాత పిలిచాడు కాబట్టి నువ్వు సగమైనా ఉన్నావు. శుక్రవారం దాటితే పూర్తిగా పోతావు. నిజంగా కుండ పగిలేది అప్పుడే.

రా అత్తా. మాటిచ్చానంటావు. ఆ మాట నా కోసం ఇచ్చావు. కడుపులో ఉన్న నన్ను బతికించడానికి. బతికాను కదా, ఇప్పుడు ఆ మాట నేను నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను.

నేను ఉండలేను. శుక్రవారమే థీసిస్ ఇవ్వడానికి ఆఖరు రోజు, శ్రీకాకుళంలో ఉండాలి. నేను లేకుండానే నువ్వు వస్తావా రావా అని తల పగిలిపోతోంది. తాతకి చెప్పలేదు. చెప్పి, నువ్వు రాకపోతే తట్టుకోలేడు.

ఉష


గరివిడి,
ఫిబ్రవరి

ఉషా,

రాలేను.

మాట ఇచ్చినంత తేలిక కాదు వెనక్కి తీసుకోవడం. నేను ఆ ఒడ్డున కనపడితే మీ నాన్నకి, అమ్మకి ఏమవుతుందో నీకు తెలియదు. నువ్వు పుస్తకంలో రాసి వెళ్ళిపోతావు. వాళ్ళు అక్కడే బతకాలి.

ఇంకొకటి, ఇది నిజం. నాకు భయంగా ఉంది. దేనికీ భయం లేదని గొప్పగా రాశాను. మా అయ్య నా పేరు పిలిచి, నేను పలికి, ఆయన నన్ను చూసి తల తిప్పుకుంటే? అప్పుడు ఎక్కడికి వెళ్ళను?

థీసిస్ బాగా రాయి. బైండింగు గట్టిగా వేయించు.

అత్త


మొగిలివానిపేట,
శనివారం

ఉషా,

పైన ఊరి పేరు చూసి ఉంటావు. మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు సర్దుకుని చదువుకో. మీ అమ్మ ఫోను ఇస్తానంది. వద్దన్నాను. ఇది నీకు ఉత్తరంలోనే చెప్పాలి.

శుక్రవారం మధ్యాహ్నం చేపల బుట్ట సర్దుకుని చీపురుపల్లి స్టేషనుకి వెళ్ళాను, సరుకు తేవడానికి విజయనగరం వెళ్దామని. అవతలి ప్లాట్‌ఫారం మీద పలాస వైపు బండి నిలబడి ఉంది. వంతెన దాటి అందులో కూర్చున్నాను. ఎందుకని అడగకు. నౌపడలో దిగాను. ఉప్పుమళ్ళ గట్ల మీద నడిచి వస్తుంటే ఆ వాసనకే కళ్ళు తిరిగాయి.

సరుగుడు తోట కొట్టేశారు. దాక్కోవడానికి చోటు లేకపోయింది. అది కూడా మంచిదే అయింది.

అందరూ చేరి ఉన్నారు. మా అయ్య ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఎంత చిన్నవాడైపోయాడు! ఉమాశంకర్ మైకు ఇవ్వబోతే తోసేశాడు. ముసుగు వేసుకుని ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను, ఎవరూ గుర్తుపట్టలేదు. ఒక్కో ఇల్లూ పిలిచాడు. నాగబాబు ఇల్లు అన్నాడు, మీ అమ్మ సమ్మతమే అంది. లక్ష్మణమ్మ ఇల్లు అన్నాడు.

తలలన్నీ వంగాయి. ఉషా, ఆ కాసేపు ఎలా ఉంటుందో నువ్వు రాశావు గానీ, లోపల నుంచి చూస్తే వేరే. చచ్చినదాన్ని నేనే అని తెలిసి, నా కోసం తలవంచిన వాళ్ళ వీపులు చూస్తూ నిలబడ్డాను. గట్టిగా అరుద్దామనుకున్నాను. ముసుగు తీసి "కాదు" అన్నాను. చెవిలో చెప్పినంతగా వచ్చింది.

ముందున్న ముసలామె తిరిగి చూసి ఇసుకలో కూలబడిపోయింది. పిల్లలు పరుగెత్తారు. నా చుట్టూ జాగా ఖాళీ అయింది. మీ అమ్మ ఒక్కతే వచ్చి నా చేయి పట్టుకుంది. మా అయ్య నా వైపు ఒకసారి చూశాడు. తల తిప్పుకోలేదు, లేవలేదు, ఆశ్చర్యపోనూ లేదు. "సరే" అన్నాడు. తర్వాతి ఇల్లు పిలిచాడు.

అది ధర్మేంద్ర ఇల్లట. అతను నోరు తెరవలేదు. అతని పెళ్ళాం ఝాన్సీ ముందుకొచ్చి, "మా ఇల్లూ కాదు" అంది. ఉమాశంకర్ మైకు అందుకుని, సచ్చిపోయినోలకి మాట లేదన్నాడు. అప్పుడు వాళ్ళమ్మ జగ్గమ్మ ఆ వంగిపోయిన నడుంతో లేచి, "దాన్ని సంపింది మనమేరా" అంది. మొగుడు పోయాకైనా ఆమె నోరు విప్పింది. ఊరు ఒక్కమాట మీద ఉందని చెప్పకుండానే పిలుపు ఆగిపోయింది. సోమవారం ఝాన్సీ నామినేషన్ వేస్తుంది, అప్లికేషన్ నింపడానికి నన్ను రమ్మంది. మీ నాన్న ఫోను చేశాడు. అక్కా అని పిలిచాడు. వెలి వేస్తారో ఏం చేస్తారో తెలియదు. ఈ రాత్రికైతే నిప్పు అడిగితే రెండిళ్ళవాళ్ళు ఇచ్చారు.

నీ థీసిస్ ఇచ్చేసి ఉంటావు. వైవాలో అడిగితే నా పేరు చెప్పు, మారుపేరు వద్దు. ఇంకొకటి, నీ ఆఖరి వాక్యం తప్పు, దిద్దుకో. "జవాబు రాలేదు" అని రాశావు.

ఎందుకంటే, ఇంటికొచ్చాక ఆవనూనె వేడిచేసి మా అయ్య చేతికి రాస్తున్నాను. ఎక్కడున్నావని అడగలేదు, ఎలా వచ్చావని అడగలేదు. విసుక్కున్నాడు. కాసేపటికి నా మొహంలోకి చూసి అన్నాడు:

"ఏటే, గొంతు అలాగయిపోనాది? పిలిసినపుడల్లా గట్టిగా అంతావు గదా, కాదని."

అత్త
లక్ష్మణమ్మ